సమాధానం: ఏ భాషా స్కూల్లో చేరాలి?
రెండు స్కూళ్లు చూశాను, ఎందులో చేరాలో తేలడం లేదు అన్నారు కదా. గోడల మీది సర్టిఫికెట్లు పక్కన పెట్టండి. చేర్చుకునే ముందు మీ స్థాయి చూశారా? రాత పరీక్ష ఒక్కటే చాలదు, కాసేపైనా మాట్లాడించాలి. భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన కొలతలో ఎ1 (అన్నిటికన్నా కింది మెట్టు) నుంచి సి2 (పై మెట్టు) దాకా ఆరు స్థాయిలుంటాయి. 'మూడు నెలల్లో గలగలా మాట్లాడిస్తాం' అంటే, ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి అని అడగండి. నీళ్లు నమిలితే విషయం తెలిసిపోతుంది.

ఒక క్లాసులో వెనక కూర్చుని చూడండి. టీచర్ ఎంతసేపు మాట్లాడారు, విద్యార్థులు ఎంతసేపు? నేను చేరిన ఒక చోట గంటలో నా నోటి నుంచి వచ్చింది ఒక్కటే మాట, అదీ హాజరు పిలిచినప్పుడు! టీచర్ సెలవు పెడితే క్లాసు ఎవరు తీసుకుంటారు, ఫీజు వాపసు నియమాలు రాతలో ఉన్నాయా అన్నదీ కనుక్కోండి.