మందులు వాడుతున్న తమ్ముణ్ని నడకకు ఒప్పించడం ఎలా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లె, పొగాకు సాగు చేస్తాము. 29 ఏళ్ల మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉంది. ఒంగోలులో చూపించి కొన్నేళ్లుగా ఒలాంజపిన్ వాడుతున్నాము. చెవిలో మాటలు వినిపించడం తగ్గింది గానీ బాగా లావెక్కాడు, పగలంతా మంచం దిగడు. షుగరు అంచున ఉందన్నారు. నాన్న సోమరితనమని తిడుతుంటారు. నడవమంటే రెండు రోజులు వచ్చి మానేస్తాడు. మందు ఆపితే చురుకుదనం వస్తుందని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా మందు సంగతి. దానిని మీ అంతట మీరు ఆపవద్దు. ఒలాంజపిన్ ఆకలినీ బరువునూ పెంచుతుందన్నది నిజమే గానీ, మోతాదు తగ్గించాలా, వేరే మందుకు మారాలా అన్నది చూస్తున్న మానసిక వైద్యులు నిర్ణయించవలసిన విషయం. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

మీ నాన్నగారు సోమరితనమంటున్నది చాలావరకు జబ్బులో భాగమే. లేని మాటలు వినిపించడం ఈ వ్యాధిలో ఒక పార్శ్వమైతే, ఏ పని మీదా మనసు పోకపోవడం, మొదలుపెట్టే చొరవే నశించడం మరొక పార్శ్వం. మందులు మొదటిదాని మీద పనిచేసినంతగా రెండోదాని మీద పనిచేయవు. పైగా ఇంట్లో ఎత్తిపొడుపులు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే అవకాశమూ ఎక్కువేనని పరిశోధనలు ఎన్నడో తేల్చాయి.

అలాగని వదిలేయడమూ కుదరదు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు తక్కినవారికంటే 10 నుంచి 20 ఏళ్లు ముందుగా మరణిస్తున్నారని, అందుకు గుండెజబ్బు, మధుమేహం వంటివి ముఖ్య కారణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమను సూచిస్తూనే, కొద్దిపాటి కదలికైనా అసలు లేకపోవడం కంటే మేలని అంటాయి. మీ తమ్ముడి విషయంలో ప్రస్తుతానికి ఆ అంకెను పక్కన పెట్టి, ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి.

వ్యాయామమన్న పేరు కూడా అవసరం లేదు. "పోయి నడిచి రా" అనడానికి బదులు "పాలకేంద్రానికి పోతున్నా, క్యాను పట్టుకుని రారా" అనండి. పక్కన మనిషి, చేతిలో పని, రోజూ ఒకటే వేళ ఉంటే అతడు తనంతట తాను నిర్ణయించుకోవలసిన భారం తగ్గుతుంది. మన ఇళ్లలో జబ్బు చేసినవాణ్ని "నువ్వు కూర్చో నాయనా" అని ప్రేమతోనే పనికి దూరం చేస్తాము. నన్నడిగితే, తిట్లంత చేటు ఆ ప్రేమ కూడా చేస్తుంది. మొక్కలకు నీళ్లు పోయడం, బర్రెను తోలుకు రావడం, ఆకు మోయడం వంటివి అతడి వంతుకు వదలండి. ఆలస్యంగా చేసినా, సగంలో ఆపినా మీరు అందుకుని పూర్తిచేయకండి. రానన్న రోజు వాదించక, మరునాడు అదే వేళకు మామూలుగా పిలవండి.

రాత్రి వేసుకున్న మందు మత్తు పొద్దెక్కేదాకా ఉంటే తెల్లవారుజాము నడక కోసం పట్టుబట్టకండి, సాయంత్రం చాలు. ఈ మందులు శరీరం వేడిని సర్దుబాటు చేసుకునే శక్తిని తగ్గించగలవు కనుక వేసవిలో ఎండపూట, పొగాకు కాల్చే రోజుల్లో బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) పొయ్యి దగ్గర పని చెప్పకండి. లిథియం అనే మరో మానసిక వ్యాధి మందు వాడేవారైతే ఒంట్లో నీరు తగ్గకుండా మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే నీరు తగ్గితే రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరుగుతుంది.

నడక పెంచేముందు బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూపించండి. లేవగానే కళ్లు తిరిగినా, ఒకచోట నిలవలేక కాళ్లు అదేపనిగా కదుపుతున్నా అది మందు ప్రభావం కావచ్చు కనుక వైద్యులకు చెప్పండి. ఈలోగా సందేహం వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.