నటనలోకి కొత్తగా వస్తున్నవాళ్లు స్క్రీన్ నేమ్ (తెర మీద వాడే పేరు) ముందే పెట్టుకోవాలా?

మొదటి క్రెడిట్, అంటే తెర మీద నటుల జాబితాలో మీ పేరు, పడేలోపు పెట్టుకుంటే చాలు. తర్వాత మారిస్తే పాత పనంతా వేరే మనిషి ఖాతాలో ఉన్నట్టే.

ముందు పని చూడండి. నిమిషం, నిమిషంన్నర నిడివిలో రెండు మోనోలాగ్‌లు (ఒక్కరే చెప్పే డైలాగులు) నోటికి రావాలి: ఒకటి గంభీరం, ఒకటి హాస్యం. ఫోటోలు ఫిల్టర్ లేకుండా ఒక క్లోజప్, ఒక ఫుల్ లెంగ్త్. సెల్ఫ్ టేప్‌కి, అంటే మీరే తీసి పంపే ఆడిషన్ వీడియోకి, ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో పెట్టి, ఖాళీ గోడ ముందు ఛాతీ నుంచి పైకి తీయండి. ఎక్కువమంది దెబ్బతినేది శబ్దం దగ్గర. ఎదుటి పాత్ర డైలాగులు చదివేవాళ్లు ఫోన్ పక్కనే ఉంటారు కాబట్టి వాళ్ల గొంతే పెద్దగా వినిపిస్తుంది. వాళ్లని గొంతు తగ్గించి చదవమనండి. ఆడిషన్‌కి డబ్బు అడిగితే మాత్రం వెనక్కి వచ్చేయండి.

ఇక పేరు. ఇప్పటికే తెలిసిన నటుడి పేరైతే వదిలేయండి. హాలీవుడ్ నటుడు మైకేల్ కీటన్ అసలు పేరు మైకేల్ డగ్లస్. ఆ పేరుతో అప్పటికే ఒక నటుడు ఉండటంతో మార్చుకోక తప్పలేదు. అనుకున్న పేరుని ఫోన్‌లో ఒకరికి చెప్పి రాయమనండి. రెండుసార్లు అడిగారంటే అది పనికిరాదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసుకుని, సోషల్ మీడియా ఖాతాలన్నీ ఆ స్పెల్లింగ్‌తోనే తెరవండి. అగ్రిమెంట్‌లో అసలు పేరు, క్రెడిట్ పేరు రెండూ రాయించుకోవాలి. బ్యాంకు ఖాతా అసలు పేరు మీద ఉండి, చెక్కు స్క్రీన్ నేమ్‌తో వస్తే డబ్బు ఆగిపోతుంది.