తక్కువ ఖర్చుల స్పోర్ట్స్ కూపే పవర్ ఎట్ల పెంచాలె?

సెకండ్ హ్యాండ్ కూపే (రెండు డోర్ల స్పోర్ట్స్ కారు) తీసుకున్న, ఇంజిన్ ఇప్పకుంట పైనపైన ఏం బిగిస్తే పవర్ పెరుగుతది అని అడిగిన్రు కదా అన్నా, ముందుగాల మీ బండికి టర్బో (ఇంజిన్ల గాలిని ఒత్తిడితోని నింపే ఫ్యాన్) ఉందా లేదా చూస్కోండి. ఉంటే ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ నడిపే కంప్యూటర్ల సెట్టింగులు మార్చుడు, ఒక్కటి చేపిస్తే చాలు, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెరిగి సుమారు 15 నుంచి 25 శాతం దాక పవర్ వస్తది, పెట్టిన పైసలకు ఇంతకన్న ఎక్కువ ఇచ్చేది ఇంకోటి లేదు. టర్బో లేకుంటే ఇంటేక్ (గాలి లోపలికి పోయే దారి), ఎగ్జాస్ట్ (పొగ బయటికొచ్చే పైపు), రీమ్యాప్ మూడూ కలిపినా 10 శాతం దాటుడు కష్టమే, సౌండ్ మాత్రం మస్తు మారుతది.

ఇంటేక్ కాడనే చానామంది మోసపోతరు. బానెట్ కింద ఓపెన్ ఫిల్టర్ పెడ్తే అది ఇంజిన్ వేడిగాలినే గుంజుతది, వేడిగాలి పల్చగుంటది, మే నెల నల్లగొండ ఎండల పవర్ పెరుగుడు పక్కకువెట్టు, ఉన్నది తగ్గుతది. నేను రోజు మిర్యాలగూడ దిక్కు తిరుగుత, రైస్ మిల్లుల దుమ్ముకు నెలకోసారి ఫిల్టర్ తీస్తే మడతల్ల బూడిద లెక్క పేరుకొని ఉంటది, అందుకే ఫిల్టర్ ఉండే కంపెనీ డబ్బా అట్లనే ఉంచి లోపలి ఫిల్టర్ ఒక్కటే మార్చిన. నూనె రాసే కాటన్ ఫిల్టర్ అయితే నూనె ఎక్కువ కావద్దు, గాలి ఎంత పోతుందో కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కు అంటితే రీడింగ్ తప్పుతది.

రీమ్యాప్‌కు ముందు కొత్త స్పార్క్ ప్లగ్గులు ఏపియ్యండి. ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే రేటింగ్) పెట్రోల్‌కు ట్యూన్ చేపిచ్చి మళ్ల తక్కువ ఆక్టేన్‌ది పోస్తే నాకింగ్ వస్తది, అంటే పెట్రోల్ తప్పు టైముల దానంతటదే మండుతది, పిస్టన్లకు దెబ్బ. క్లచ్ పాతదైతే పెరిగిన పవర్‌కు జారుతది. పొగల విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీపియ్యకండి, ఈ మార్పులు ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుంట ఉండకండి, క్లెయిమ్ కాడ తిరకాసు పెడ్తరు.