మైక్రోబయోమ్ స్పెషలైజేషనా, మామూలు మైక్రోబయాలజీయా?

ప్రశ్న: మా అమ్మాయికి క్రోన్స్ వ్యాధి. మైక్రోబయాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. పేగు సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తానంటోంది. పీజీలో మైక్రోబయోమ్ స్పెషలైజేషన్ తీసుకోవాలా, మామూలు మైక్రోబయాలజీ చాలా? తన జబ్బుకు తనే మందు కనిపెడుతుందని మా ఆశ.

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, ఈ జబ్బుతో అమ్మాయి ల్యాబ్‌లో నెగ్గుకురాగలదా అన్నదే మీ అసలు దిగులు. నెగ్గుకొస్తుంది. క్రోన్స్ ఓసారి రేగి ఓసారి అణిగే పేగు వాపు జబ్బు. అదుపులో ఉన్న రోజుల్లో చాలామంది అందరిలాగే పనిచేసుకుంటారు. అయితే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే, వ్యాధికారక క్రిములను పెంచే ల్యాబ్‌లో అడుగుపెట్టకముందే తన డాక్టరుకూ, అక్కడి బయోసేఫ్టీ అధికారికీ ఆ విషయం చెప్పాలి. దాచి చేరడం ప్రమాదం. సీక్వెన్సింగ్ డేటాను, అంటే సూక్ష్మజీవుల డీఎన్‌ఏ చదివితే వచ్చే సమాచారాన్ని, కంప్యూటర్‌లో విశ్లేషించడం కూడా నేర్చుకుంటే, జబ్బు రేగిన వారాల్లో ఇంటి నుంచే పని సాగుతుంది.

ఇక మీ ఆశ సంగతి. దయచేసి ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టకండి. ప్రయోగం చెడిన ప్రతిసారీ తన ఆరోగ్యమే చేజారినట్టు కుంగిపోతుంది. ఈ రంగంలో ప్రయోగాలు చెడటం మామూలే.

పైగా మైక్రోబయోమ్, అంటే పేగు సూక్ష్మజీవుల సమూహం, విషయంలో ప్రచారం ఫలితాల కంటే చాలా ముందుంది. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల పేగు ఇన్‌ఫెక్షన్ మళ్లీమళ్లీ వచ్చేవారికి మల మార్పిడి, అంటే ఆరోగ్యవంతుల మలాన్ని రోగి పేగులోకి ఎక్కించడం, నిజంగానే పనిచేసింది. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ ప్రయోగంలో 16 మందిలో 13 మందికి మొదటి విడతతోనే నయమైంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, దాతల మలం నుంచి తయారైన మందులు రెబయోటాను 2022లో, వౌస్ట్‌ను 2023లో అనుమతించింది కూడా ఆ ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టకుండా ఉండటానికే. పేగు వాపు జబ్బులకు వాటిని అనుమతించలేదు. పెద్దపేగు వాచే అల్సరేటివ్ కొలైటిస్‌లో 2015లో వెలువడిన రెండు మల మార్పిడి ప్రయోగాల్లో ఒకటి ఫలించింది, ఒకటి ఫలించలేదు. అదే జబ్బు మీద 2019లో వెలువడిన ప్రయోగంలో ఆక్సిజన్ తగలకుండా తయారుచేసిన దాతల మలంతో 32 శాతం మందికి జబ్బు అణిగింది; తమ మలమే తిరిగి తీసుకున్నవారిలో అది 9 శాతం. సెరెస్ అనే మందుల సంస్థ తెచ్చిన బ్యాక్టీరియా గుళికలు ఎస్‌ఈఆర్-287 అదే జబ్బులో 2021లో విఫలమయ్యాయి.

ఎందుకిలా? క్లోస్ట్రిడియాయిడిస్ ఇన్‌ఫెక్షన్‌లో దోషి ఒకే క్రిమి. యాంటీబయాటిక్స్ ఖాళీ చేసిన చోటును మంచి బ్యాక్టీరియాతో నింపితే దానికి తావుండదు. క్రోన్స్‌లో జన్యువులు, పేగు గోడ, రోగనిరోధక వ్యవస్థ అన్నీ కలగలిసి ఉంటాయి. ఫీకలిబ్యాక్టీరియమ్ ప్రాస్నిట్జీ అనే పేగు బ్యాక్టీరియా క్రోన్స్ రోగుల్లో తగ్గుతుందని తెలుసు. కానీ దానికి ఆక్సిజన్ పడదు, వాచిన పేగులోకేమో ఆక్సిజన్ ఎక్కువగా చేరుతుంది. అది తగ్గడం జబ్బుకు కారణమో, ఫలితమో తేల్చడమే అసలు కష్టం. ఈ రోజు రోగులను నిలబెడుతున్న ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడోలిజుమాబ్, రిసాంకిజుమాబ్ అనే మందులు పనిచేసేది రోగనిరోధక వ్యవస్థ మీదే.

అందుకే కోర్సు పేరు చూసి ఫీజు కట్టొద్దు. సిలబస్‌లో ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం), స్టాటిస్టిక్స్, ఆర్ లేదా పైథాన్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ గట్టిగా ఉన్నాయా చూడండి. ఉంటే మామూలు మైక్రోబయాలజీయే నా ఓటు. మైక్రోబయోమ్ ఊపు తగ్గినా ఆ చదువు అక్కరకొస్తుంది. చేరేముందు ఆక్సిజన్ లేకుండా బ్యాక్టీరియాను పెంచే చాంబర్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఉన్నాయో లేదో, డీఎన్‌ఏ తీసేటప్పుడు సన్నపూసలతో కణాలను పగలగొడతారో లేదో అడగాలి. ఆ పని చేయకపోతే మందపాటి గోడలున్న బ్యాక్టీరియా లెక్కలోకి సరిగా రాదు. ల్యాబ్‌కు బాత్రూమ్ ఎంత దగ్గరో కూడా చూసుకోవాలి. ఇవన్నీ అమ్మాయే వెళ్లి అడగనివ్వండి. మీరు వెంట వెళ్లకండి.