మనిషి డోసును బరువు లెక్కన తగ్గించి ఎలుకకు ఇస్తే సరిపోతుందా?

సరిపోదు; డిప్రెషన్ మందులను ఎలుకల్లో పరీక్షించేటప్పుడు కిలో బరువుకు మనిషికన్నా చాలా ఎక్కువ మందే పడుతుంది. వరంగల్‌లో ఎంఫార్మసీ ప్రాజెక్టు మొదలుపెట్టే చాలామందిని తికమక పెట్టేది ఇదే.

చిన్న జంతువుల లివర్ సాధారణంగా మందును త్వరగా కరిగించేస్తుంది. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు మనిషి ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, చిట్టెలుకలో గంటల్లోనే సగానికి పడిపోతుంది. అందుకే బరువు బదులు శరీర ఉపరితల వైశాల్యంతో లెక్క కడతారు: మనిషికి కిలోకు పడే డోసును చిట్టెలుకకైతే 12.3తో, ర్యాట్‌కైతే (పెద్ద ఎలుక) 6.2తో గుణిస్తారు.

60 కిలోల మనిషికి 20 మిల్లీగ్రాముల మాత్ర అంటే కిలోకు 0.33. చిట్టెలుకకు అది దాదాపు 4.1, అంటే 25 గ్రాముల ప్రాణికి 0.1 మిల్లీగ్రాము. అయినా ల్యాబుల్లో ఎక్కువగా వాడేది కిలోకు 10 నుంచి 20. ఇందులో వింతేమీ లేదు. ఈ గుణకారం తొలి అంచనాకే; రక్తంలోకి, మెదడులోకి ఎంత చేరిందన్నదే అసలు కొలత. ఒక్క డోసుతో తేల్చకుండా కనీసం మూడు పెట్టి చూడాలి.

డోసు పెంచేకొద్దీ ఫలితం బాగుంటుందనుకోవడం పొరపాటు. ఎలుకను నీళ్లలో వదిలి చూసే ఈత పరీక్షలో అది కదలకుండా తేలే సమయం తగ్గగానే మందు పనిచేసిందని రాసేస్తుంటారు. ఊరికే చురుకు పెంచే కెఫీన్ ఇచ్చినా ఆ సమయం తగ్గుతుంది! ఎక్కువ డోసులో మత్తుగా పడి ఉంటే ఫలితం తలకిందులవుతుంది కూడా. కాబట్టి అదే డోసుకు ఓపెన్ ఫీల్డ్‌లో (ఖాళీ పెట్టెలో) ఎలుక మామూలు తిరుగుడునూ కొలవాలి.