గోత్రాలు వేరైనా ఒకే జన్యు లోపం ఎలా కలుస్తుంది?

"మేనరికం కాదు, గోత్రాలు వేరు, ఊళ్లు కూడా వేరు. అయినా భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే జన్యు లోపం ఎలా ఉంటుంది?" అని ఒకరు అడిగారు. మా కుటుంబంలో సరిగ్గా ఇదే జరిగింది. మేం ఆర్యవైశ్యులం.

మా పిన్నికి ఆపరేషన్ బాగానే అయింది కానీ, ఆ తర్వాత సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయింది. గంటల తరబడి వెంటిలేటర్ మీదే ఉంచారు. మా టెన్షన్ చెప్పలేను. మత్తు డాక్టర్ బయటికొచ్చి "మీరు వైశ్యులా?" అని అడిగితే, ఇప్పుడు కులం సంగతి ఎందుకో అర్థం కాలేదు. ఆయనే వివరించారు. గొంతులో గొట్టం వేసేటప్పుడు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని సూడోకొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ సరిగా లేనివాళ్లలో మందు ప్రభావం గంటలపాటు ఉండిపోతుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లలో కంటే చాలా ఎక్కువ.

కారణం ఫౌండర్ ఎఫెక్ట్, అంటే కొద్దిమంది పూర్వీకుల జన్యువులే సమూహమంతా వ్యాపించడం. కొద్ది కుటుంబాలతో మొదలైన ఊరు ఎంత పెరిగినా అవే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి కదా, జన్యువులూ అంతే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వైశ్యుల్లో ఆ చిన్న గుంపు దశ 100 తరాలకు పైగా వెనక్కి వెళ్తుంది. ఆ కొద్దిమందిలో ఒక్కరికి ఉన్న మార్పు కూడా వాళ్ల మధ్య పెద్ద వాటానే. తర్వాత జనం లక్షల్లోకి పెరిగినా పెళ్లిళ్లు లోపలే జరగడంతో ఆ వాటా పలచబడలేదు. గోత్రం తండ్రి వైపు వరసను మాత్రమే చూస్తుంది. అన్ని వైపుల నుంచీ వచ్చే పాత పూర్వీకులను అది వేరు చేయలేదు.

మరి హాని చేసే మార్పులను తరాలు గడిచేకొద్దీ తగ్గించే ప్రకృతి వరణం దీన్ని ఎందుకు ఏరివేయలేదు? నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. ఈ లోపం ఉన్నా రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆ మందు ఆపరేషన్లలోకి వచ్చిందే 1950ల ప్రాంతంలో. అంతకుముందు వేల ఏళ్లు వరణానికి కనిపించని ఆ మార్పు, కేవలం యాదృచ్ఛికంగా, అంటే జెనెటిక్ డ్రిఫ్ట్ వల్ల పెరిగింది.

ఇక లెక్క. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు కాపీలుగా వస్తుంది. రెండూ లోపమున్నవైతేనే ఈ ఇబ్బంది గట్టిగా కనిపిస్తుంది. లోపమున్న జన్యువు వాటా 1 శాతమైతే, రెండు కాపీలూ అదే వచ్చేవాళ్లు 10,000 మందిలో ఒకరు. వాటా 10 శాతమైతే 100 మందిలో ఒకరు. ఇవి ఉదాహరణ అంకెలే, కానీ జన్యువు వాటా పది రెట్లు పెరిగితే బాధితులు వంద రెట్లు పెరుగుతారని, జన్యువుల వాటా నుంచి బాధితుల సంఖ్యను లెక్కగట్టే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం చెబుతుంది. మేనరికం దీనికి తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, కానీ మేనరికం మానేసినంత మాత్రాన ఇది పోదు.

దయచేసి దీన్ని కులానికి మచ్చగా చూడకండి. ఫిన్లాండ్ ప్రజలదీ, అష్కెనాజీ యూదులదీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న యూదులు) ఇదే కథ. 2017లో వచ్చిన మరో పరిశోధనలో, దక్షిణాసియాలో 81 సమూహాల్లో వాళ్లకంటే బలమైన ఫౌండర్ ఎఫెక్ట్ కనిపించింది. యూదుల్లో చాలామంది, పసిపిల్లల నరాలను దెబ్బతీసే టే-సాక్స్ అనే వంశపారంపర్య జబ్బు కోసం పెళ్లికి ముందే పరీక్ష చేయించుకుంటారు. మనం జాతకాలతో పాటు ఇది కూడా చూసుకుంటే ఎంత బాగుంటుందో!

మా పిన్ని తేరుకున్నాక మిగతావాళ్లం రక్తంలో కొలినెస్టరేజ్ పరీక్ష చేయించుకున్నాం. మామయ్యకూ తక్కువే ఉందని తేలింది. ఆయన హెర్నియా ఆపరేషన్‌కి ముందే చెప్పాం కాబట్టి డాక్టర్ వేరే మందు వాడారు, మామూలుగానే లేచారు. మీ ఇంట్లో ఎవరికైనా మత్తు నుంచి తేరుకోవడం ఇలా ఆలస్యమై ఉంటే, వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ముందుగా పరీక్ష చేయించుకోండి. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో కాపీ మోస్తుంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ ఈ లోపం వచ్చేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.