ఖాళీ గడితో తంటా

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా కర్రీ పాయింట్ కోసం లారావెల్‌లో (పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఆర్డర్ ఫారం రాశాను. ల్యాండ్‌మార్క్ గడికి 'స్ట్రింగ్' (అక్షరాల వరుసే రావాలి అనే) రూల్ ఒక్కటే పెట్టాను, నింపకపోయినా ఫర్వాలేదని. కానీ ఖాళీగా వదిలితే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్. ఎందుకండీ?

జవాబు: లారావెల్ 5.4 నుంచి ఖాళీ గడిని దారిలోనే 'నల్'గా, అంటే 'విలువే లేదు' అని, మార్చేస్తుంది. నల్ అంటే స్ట్రింగ్ కాదు కదా, అందుకే ఆ పేచీ. రూల్‌కి 'నల్లబుల్' (nullable, నల్ వచ్చినా ఫర్వాలేదని) చేర్చండి, చాలు. ఉత్త స్పేస్‌లు కొట్టి పంపినా ఇదే కథ, ముందే కత్తిరించేస్తుంది.

అన్నట్టు, ఫ్లోర్ నంబరు నింపారో లేదో పీహెచ్‌పీ 'ఎంప్టీ'తో (ఖాళీయా అని చూసే empty) చూడకండి. దానికి సున్నా కూడా ఖాళీయే. నేనలా రాసి, గ్రౌండ్ ఫ్లోర్ అని 0 కొట్టిన అమీర్‌పేట బామ్మగారి ఆర్డర్ వెనక్కి కొట్టాను. లారావెల్ 'రిక్వైర్డ్' (నింపి తీరాలి అనే) రూల్ అయితే సున్నాను ఒప్పుకుంటుంది. పాపం, ఆవిడ గుత్తి వంకాయ కోసం రెండుసార్లు ఫోన్ చేశారు.